పంచమం దాకా పన్నెండు వారాలు

నా శ్రుతి, అంటే పాటకు ఆధారంగా పెట్టుకునే ‘స’ ఎత్తు, ఐదున్నర. మధ్యస్థాయిలో నాకు ఎన్నడూ ఇబ్బంది లేదు. తారషడ్జం (పై స్థాయి ‘స’) మీద నిలబడగలను, దాని పైన రిషభ గాంధారాలను (రి, గ) అందుకోగలను. మధ్యమం (మ) దగ్గర మెడ నరాలు తేలేవి, పంచమం (ప) దగ్గరికి వచ్చేసరికి గొంతు చీలిపోయి స్వరానికి బదులు కీచుమనే గాలి బయటికి వచ్చేది. కృతిలో పల్లవి తరువాత వచ్చే అనుపల్లవి సాధారణంగా తారస్థాయికి ఎక్కుతుంది కనుక, ఎత్తుకున్న ప్రతి కృతిలోనూ నా బండారం రెండు నిమిషాల్లోనే బయటపడేది. ఈ ఒక్క లోపం కోసమే నేను హైదరాబాదులోని పద్మారావునగర్‌లో ఒక ఇంటి మొదటి అంతస్తులో నడిచే గాత్ర శిక్షణ తరగతిలో చేరాను. పన్నెండు వారాలు, వారానికి రెండు పాఠాలు, పాఠం నలభై ఐదు నిమిషాలు, మొత్తం రుసుము 18,000 రూపాయలు. ఆ ఇంటికి బోర్డు లేదు. నేర్పే ఆవిడ తన పేరును బహిరంగంగా రాయవద్దని కోరారు కనుక ఇక్కడ ఆమెను మేడమ్ అనే అంటాను. సంగీత సభలకు వెళ్ళే వారిని ఎవరిని అడిగినా దారి చెబుతారు. నాకూ చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో పక్క కుర్చీలో కూర్చున్న ఒక పెద్దావిడే చెప్పారు.

ఈ సమీక్ష ఎవరి నోటి నుంచి వస్తున్నదో పాఠకులకు తెలియాలి కనుక ఒక్క మాట. చిన్నతనంలో వర్ణాల దాకా నేర్చుకుని, చదువు, ఉద్యోగం, పిల్లల మధ్య ఇరవై ఏళ్ళు వదిలేసి, నలభై రెండో ఏట మళ్ళీ తంబురా యాప్ ముందు కూర్చున్నదాన్ని. మళ్ళీ మొదలుపెట్టినప్పుడు నగరంలోనే మరో చోట ఆరు నెలలు నేర్చుకున్నాను. అక్కడ పై స్వరం అందనప్పుడల్లా వినిపించిన సలహా ఒక్కటే: “పొట్టలోంచి పాడమ్మా.” పొట్టలోంచి పాడడమంటే ఏమిటో ఎవరూ విడమరిచి చెప్పలేదు. నేను నాకు తోచినట్టు పొట్టను బిగించి, బలమంతా పెట్టి గాలిని పైకి తోశాను. ఆరో నెలలో గొంతు బొంగురుపోయింది. ముక్కు, చెవి, గొంతు వైద్యుడు కెమెరా పెట్టి చూసి, స్వరతంత్రుల అంచులు వాచాయని, ఇంకా కాయలు కట్టలేదు గానీ ఇదే తీరు కొనసాగితే కడతాయని చెప్పి, రెండు వారాలు మౌనం పాటించమన్నారు. మా ఇంట్లో ఆ రెండు వారాలను పండుగలాగే జరుపుకున్నారనుకోండి, అది వేరే కథ.

పద్మారావునగర్‌లో మొదటి మూడు పాఠాల్లో మేడమ్ నన్ను ఒక్క స్వరం కూడా పాడనివ్వలేదు. డబ్బు కట్టి ఊపిరి పీల్చుకోవడం నేర్చుకుంటున్నానా అని రెండో రోజున నాకు చిరాకు కూడా కలిగింది. ఇప్పుడు వెనక్కి చూస్తే ఈ శిక్షణ మొత్తంలో అత్యంత విలువైన భాగం ఆ మూడు పాఠాలే అని చెప్పగలను, కనుక వాటి గురించే కొంచెం ఎక్కువగా రాస్తాను.

ఆమె మొదట కూలగొట్టిన నమ్మకం ‘డయాఫ్రమ్‌తో పాడాలి’ అన్నది. మన పాఠ్యపుస్తకాల్లో ఉదరవితానం అని చదువుకున్న ఆ కండరం ఊపిరితిత్తుల కింద గొడుగులా ఉంటుంది. అది బిగిస్తే కిందికి దిగి గాలిని లోపలికి లాగుతుంది. అంటే అది గాలి పీల్చే కండరమే గాని వదిలే కండరం కాదు. పాడేటప్పుడు జరిగేది గాలి వదలడం. కాబట్టి డయాఫ్రమ్ గాలిని పైకి తోయదు, తోయలేదు. మరి తోసేది ఏమిటి? ఊపిరితిత్తులు నిండుగా ఉన్నప్పుడు, ఊదిన బుడగకు మూతి వదిలేస్తే ఎలా ముడుచుకుంటుందో అలా, పక్కటెముకల గూడూ ఊపిరితిత్తుల కణజాలమూ తమంతట తామే ముడుచుకుని గాలిని బయటికి నెడతాయి. నిండు ఊపిరి మీద ఆ నెట్టుడు పాటకు కావలసిన దానికన్నా ఎక్కువే ఉంటుంది. ఊపిరి సగానికి తగ్గాక ఆ సహజమైన ముడుచుకునే గుణం సరిపోదు. అప్పుడు పొట్ట కండరాలు, పక్కటెముకల మధ్య లోపలి కండరాలు మెల్లగా పని అందుకోవాలి.

ఇందులో అసలు కిటుకును ఆమె ఒక పోలికతో చెప్పారు, అది నాకు ఇప్పటికీ పాడే ప్రతిసారీ గుర్తుకొస్తుంది. ఇందిరా పార్కు దగ్గర స్టీల్ బ్రిడ్జి మీంచి స్కూటరు దిగుతున్నప్పుడు మనం యాక్సిలరేటర్ తిప్పం, బ్రేకు మీద వేలు ఉంచుతాం. కిందికి వచ్చి చదునైన రోడ్డు ఎక్కాకే యాక్సిలరేటర్ అందుకుంటాం. పాట వాక్యం మొదట్లో మనం ఉండేది దిగుడు మీద. అక్కడ కావలసింది తోపుడు కాదు, నిగ్రహం: పీల్చినప్పుడు విచ్చుకున్న పక్కటెముకలను వెంటనే కూలనివ్వకుండా, అవి విచ్చుకునే ఉన్నాయన్న భావంతో పాడాలి. వాక్యం చివర మాత్రమే పొట్ట అడుగు భాగం నెమ్మదిగా లోపలికి వస్తుంది. నేను అంతకుముందు ఆరు నెలలు చేసింది, నిండు ఊపిరితో దిగుడు మీద యాక్సిలరేటర్ తిప్పడం. కింద నుంచి అంత గాలి వచ్చి పడుతుంటే దాన్ని ఆపడానికి స్వరతంత్రులు ఒకదానినొకటి గట్టిగా అదుముకున్నాయి, వాచాయి. ‘ఊపిరి ఆనిక’ అన్న మాటకు ఇంత సూటి అర్థం ఉందని నలభై మూడేళ్ళు వచ్చేదాకా నాకు తెలియదు.

దీన్ని శరీరానికి ఎక్కించడానికి ఆమె చేయించినవి చాలా సాదా పనులు. కుర్చీని తిప్పి వేసుకుని దాని వీపు మీద చేతులు ఆనించి కూర్చుంటే గాలి వెనక నడుముకు, పక్కలకు వెళ్ళడం తెలుస్తుంది, భుజాలు లేవవు. తరువాత ‘స్స్‌’ అంటూ పాము బుస కొట్టినట్టు సన్నగా, ఒకే వేగంతో గాలి వదలాలి. మొదటి వారం నా బుస 14 సెకన్లు నిలిచింది, పన్నెండో వారం 27 సెకన్లు నిలిచింది. కానీ సెకన్ల లెక్క ముఖ్యం కాదనీ, బుస మొదట్లో ఎంత సన్నగా ఉందో చివర్లోనూ అంతే సన్నగా ఉండడం ముఖ్యమనీ ఆమె నోటితో అంటారు, గోడ మీద మాత్రం విద్యార్థుల సెకన్ల పట్టిక వేలాడుతుంటుంది. ఇది ఈ తరగతిలో నాకు నచ్చని మొదటి విషయం. ఒక ఇంజనీరింగు కుర్రవాడు ఆ పట్టికలో పైకి ఎక్కడం కోసం ఊపిరి బిగబట్టి కళ్ళు తేలేసేవాడు. పాటలో అతని కార్వ (సాగదీసి నిలిపే స్వరం) మాత్రం ఒక ఆవృత్తం, అంటే ఒక తాళం చుట్టు, నిలిచేది కాదు.

ప్రాణాయామం చేసేవాళ్ళకు ఇదంతా ముందే వచ్చు కదా అని నేను అడిగాను, ఎందుకంటే నేను ఏళ్ళ తరబడి చేస్తున్నాను. ఆమె కాదనలేదు గానీ ఒక తేడా చూపించారు. ప్రాణాయామంలో పూరకం, అంటే గాలి పీల్చడం, తీరుబడిగా సాగుతుంది. పాటలో ఆదితాళం ఎనిమిది అక్షరాలూ గడిచాక తరువాతి ఎత్తుగడకు ముందు అర సెకను కూడా దొరకదు. ఆ అర సెకనులో చప్పుడు లేకుండా, గొంతు తెరుచుకుని గాలి లోపలికి పడాలి. అందుకు ఆమె చెప్పిన ఉపాయం గాలిని పీల్చవద్దని: వాక్యం చివర పొట్టను వదిలేస్తే చాలు, గాలి తనే లోపలికి వస్తుంది. పైగా నిండా పీల్చడం కూడా వద్దన్నారు. గుండె నిండా పీల్చుకుంటే దిగుడు ఇంకా నిటారవుతుంది, బ్రేకు ఇంకా గట్టిగా పట్టాలి. ఒక పాదాన్నే మార్చి మార్చి పాడే చిన్న సంగతికి చిన్న ఊపిరి, ఆవృత్తం నిలపాల్సిన కార్వకు కొంచెం పెద్ద ఊపిరి.

నాలుగో వారం నుంచి స్ట్రా వచ్చింది. స్ట్రాలోకి ఊదుతూ రాగం తీయడం చూసేవాళ్ళకు నవ్వు తెప్పిస్తుంది. మా అత్తగారైతే “సోడా తాగుతూ సంగీతమా” అన్నారు. దీని వెనక పద్ధతి మాత్రం గట్టిది. ఫిన్లండులో గాజు గొట్టాన్ని నీటిలో ముంచి ఊదించే స్వరచికిత్స 1960ల నుంచీ ఉంది. అమెరికా స్వరశాస్త్రవేత్త ఇంగో టిట్జే సన్నని స్ట్రాతో చేసే సాధనను గాయకుల్లో బాగా వ్యాప్తిలోకి తెచ్చారు. నోటి దగ్గర దారి ఇరుకైతే లోపల కొంత ఒత్తిడి వెనక్కి నిలుస్తుంది. ఆ ఒత్తిడి స్వరతంత్రులకు పై నుంచి మెత్తని దిండులా పని చేసి, అవి ఒకదానికొకటి గట్టిగా కొట్టుకోకుండానే కంపించేలా చూస్తుంది. కింద నుంచి గాలి తోపుడు ఎక్కువైతే దాచుకోవడానికి చోటు ఉండదు, నీటిలో బుడగలు వెంటనే చాడీ చెబుతాయి.

మేడమ్ ఒక లీటరు నీళ్ళ సీసాకు సెంటీమీటరుకొక గీత చొప్పున టేపు అంటిస్తారు. స్ట్రా కొన నీటిలో 3 సెంటీమీటర్ల లోతున ఉంటే బుడగ రావడానికి నోటిలో 3 సెంటీమీటర్ల నీటి ఎత్తుకు సమానమైన ఒత్తిడి కావాలి, 5 అయితే 5. అంటే ఇంట్లో ఉన్న పాత సీసా పైసా ఖర్చు లేకుండా ఒత్తిడి కొలిచే పరికరం అయిపోతుంది. మామూలుగా మాట్లాడేటప్పుడు స్వరతంత్రుల కింద ఉండే ఒత్తిడి ఇంచుమించు 5 నుంచి 10 సెంటీమీటర్ల నీటి ఎత్తు అని చెప్పి, “ఇంత తక్కువతో మాట పలుకుతుంటే, పంచమానికి పొట్ట చీల్చుకోవాలా?” అని ఆమె అడిగిన రోజున నాకు మొదటిసారి సిగ్గేసింది. సాధన ఏమిటంటే, స్ట్రాలోనే మధ్యషడ్జం నుంచి తారపంచమం దాకా జారులో, అంటే స్వరాల మధ్య తెగకుండా జారుతూ, ఎక్కి దిగాలి, బుడగలు మాత్రం అన్ని స్వరాల దగ్గరా ఒకే తీరుగా, అన్నం ఉడికే చివరి దశలో వచ్చినట్టు చిన్నగా వస్తూ ఉండాలి. నా బుడగలు మధ్యమం దగ్గర పొంగి సీసా మీంచి పొర్లేవి. పొర్లినచోటే నా లోపం ఉన్నదని చెప్పడానికి వేరే గురువు అక్కర్లేకపోయింది.

స్ట్రా గురించి కొనేవాళ్ళకు ఒక సూచన. మన దేశంలో 2022 జులై నుంచి ప్లాస్టిక్ స్ట్రాలు నిషేధం కనుక దుకాణాల్లో కాగితం స్ట్రాలే ఎక్కువగా దొరుకుతాయి. అవి పది నిమిషాల్లో మెత్తబడి అణిగిపోతాయి. స్టీలు స్ట్రా ఒకటి, దాన్ని కడిగే సన్నని బ్రష్షు ఒకటి ఎవరిది వారు తెచ్చుకోవడమే మంచిది. తరగతిలో ఉమ్మడి స్ట్రాలను వేడినీళ్ళలో వేసి తీస్తారు గానీ, నాకు ఆ శుభ్రత మీద పూర్తి నమ్మకం కుదరలేదు.

ఇక తారస్థాయి. ఆరో వారంలో మేడమ్ ఒక చిన్న అద్దం చూపించి మాన్యుయెల్ గార్సియా అనే గాన ఉపాధ్యాయుడి సంగతి చెప్పారు. 1854లో పళ్ళ వైద్యులు వాడే చిన్న అద్దంతో, సూర్యకాంతిని గొంతులోకి మళ్ళించి, పాడుతున్న తన స్వరతంత్రులను తానే చూసుకున్న మనిషి ఆయన. చూడగలిగితే కనిపించేది ఇది: స్వరం పైకి వెళ్ళేకొద్దీ స్వరతంత్రులు పొడవుగా సాగి, పలచబడి, బిగుతుగా అవుతాయి. నా ఐదున్నర శ్రుతికి తారషడ్జంలో అవి సెకనుకు 415 సార్లు, తారపంచమంలో 620 సార్లకు పైగా కంపిస్తాయి. ఒకటిన్నర శ్రుతిలో పాడే మగవారికి తారపంచమం అంటే సరిగ్గా నా తారషడ్జమే, కాబట్టి ఎవరి కష్టం ఎక్కడ మొదలవుతుందన్నది వారి శ్రుతిని బట్టి, గొంతును బట్టి మారుతుంది. కింది స్వరాల్లో తంత్రులను మందంగా ఉంచే కండరం ఒకటి, పై స్వరాల్లో వాటిని సాగదీసే కండరం మరొకటి. మొదటిది పట్టు వదలకుండా రెండోది లాగుతుంటే ఇద్దరు మనుషులు చెరో వైపు చీర పిండినట్టు ఉంటుంది; ఒకానొక స్వరం దగ్గర చెయ్యి జారి గొంతు చీలుతుంది. నా మధ్యమం దగ్గర జరిగినది అదే.

దీనికి ఆమె ఎంచుకున్న మార్గం మన సంప్రదాయంలో చాలామందికి నచ్చదు. పై నుంచి కిందికి రమ్మన్నారు. అంటే తారపంచమాన్ని ముందుగా ‘ఊ’ అంటూ సన్నగా, గుడ్లగూబ కూతలాగా, సిగ్గు లేకుండా దొంగగొంతుతోనే పట్టుకుని, ఆ పలచదనాన్ని విడవకుండా మధ్యమానికి, గాంధారానికి, షడ్జానికి జారుతూ దిగాలి. దిగుతున్నప్పుడు నిమ్మళంగా గొంతుకు మందం చేర్చాలి. వారం వారం ఆ మందాన్ని ఒక స్వరం పైకి జరపాలి. మన గురువులు దొంగగొంతు అని దేన్ని ఈసడిస్తారో దాన్నే పునాదిగా వాడడం నాకు మొదట మింగుడుపడలేదు. నేను అదే అంటే ఆమె ఇచ్చిన సమాధానం: “మంద్రం హృదయంలో, మధ్యం కంఠంలో, తారం శిరస్సులో పుడుతుందని మన శాస్త్రమే అన్నది కదమ్మా. శిరస్సు దాకా వెళ్ళనివ్వకుండా కంఠంలోనే నిలబెట్టి తన్నుతున్నది మనమే.” శాస్త్రం చెప్పిన శిరస్సు, గాత్రశాస్త్రం చెప్పే పలచని కంపనం ఒకటేనా అన్నది పండితులు తేల్చాలి, నా చెవికి మాత్రం ఆ సన్నని ‘ఊ’ తొమ్మిదో వారానికి గాలి గొంతులా వినిపించడం మానేసి, స్వరంలా వినిపించడం మొదలుపెట్టింది. ఐతే అది నిండుగా, తెరిచిన గొంతుతో పలికే కర్ణాటక తారస్థాయి ఇంకా కాదు. మా తాతగారు పద్యనాటకాలంటే ప్రాణం పెట్టేవారు. మైకు లేని రోజుల్లో హార్మోనియం మీద పెద్ద శ్రుతి పెట్టుకుని చివరి వరుసకు వినిపించేలా రాగాలు తీసిన ఆ నటుల గురించి ఆయన చెప్పిన మాటలే నా చెవిలో ఇప్పటికీ కొలమానం. ఆ కొలమానంతో చూస్తే నేను ఇంకా మైకు గొంతునే.

అక్షరాల పలుకుబడి మీద ఆమె గడిపిన రెండు పాఠాలు చిన్నవే గాని నాకు వెంటనే ఫలితం కనిపించినవి అవే. ‘ఇ’ పలికేటప్పుడు నోటి గూడు తన సహజ అనునాదాన్ని బాగా కిందనే పెట్టుకుంటుంది. 620 కంపనాల పంచమం దాన్ని దాటిపోతుంది కనుక, పెదవులు సాగదీసి, పళ్ళు దగ్గర పెట్టి అక్కడ ‘ఇ’ అంటే గొంతు పిడికిలి బిగించినట్టు అవుతుంది. దవడ వదిలి, ‘ఇ’ని ‘ఎ’ వైపు కొంచెం వంచితే అదే స్వరం సునాయాసంగా పలుకుతుంది, వినేవారికి మాట ‘ఇ’గానే అందుతుంది. అకారం శుద్ధంగా ఉండాలని పట్టుబట్టే మా పాత గురువుగారికి ఈ సంగతి చెబితే ఏమంటారో తెలుసు కనుక చెప్పలేదు.

తెలుగు సాహిత్యం పాడేవారికి మాత్రమే పనికొచ్చే ఒక గమనికను ఆమె పదో వారంలో చెప్పారు, అది ఇంకెక్కడా నేను వినలేదు. మనది అజంత భాష. దాదాపు ప్రతి మాటా అచ్చుతో ముగుస్తుంది. పాడడానికి ఇది వరమే, కానీ ఊపిరికి ఒక బొక్క కూడా ఇదే. హల్లుతో ముగిసే మాట చివర నాలుకో పెదవో తలుపు వేస్తుంది, గాలి ఆగుతుంది. అచ్చుతో ముగిసే మాట చివర తలుపు లేదు, స్వరం ఆగాక కూడా ‘హా’ అంటూ గాలి కారిపోతూ ఉంటుంది; కొందరు అది ఆపడానికి గొంతును ఠక్కున బిగిస్తారు, అది ఇంకా చెడ్డది. స్వరాన్ని ఆపాల్సింది గొంతుతో కాదు, ఊపిరి తీసుకునే కదలికతోనే: అచ్చు ముగియడం, పొట్ట వదలడం, గాలి లోపలికి రావడం ఒకే క్షణంలో జరగాలి. నా పాత రికార్డింగులు పెట్టుకుని విన్నాను. ప్రతి పాదం చివరా ఒక నిట్టూర్పు ఉంది. భావం అనుకుని మెచ్చుకున్నవాళ్ళూ ఉన్నారు. అది భావం కాదు, గాలి వృథా.

ఇప్పుడు ఫిర్యాదులు. పెద్దది గమకం, అంటే స్వరాన్ని ఊపి పలికించే తీరు. పది వారాల దాకా అంతా నిలకడ స్వరాలు, జారులే; కర్ణాటక సంగీతంలో తారస్థాయి అంటే కంపితమైన గాంధారం, ఊగే మధ్యమం, పై స్వరాన్ని తాకి వచ్చే అనుస్వరాలు. నిలకడగా పలికిన పంచమం గమకంతో మధ్యమం మీదికి వచ్చేసరికి మళ్ళీ పాత బిగింపు తిరిగి వచ్చింది. చివరి రెండు వారాల్లో హడావుడిగా కల్యాణిలో ఒక కృతి అనుపల్లవి ఎత్తుకుని దీన్ని సరిచేయడానికి ప్రయత్నించాం, సరిపోలేదు. సినిమా పాటలు, లలిత సంగీతం పాడేవారికి ఈ లోటు తెలియకపోవచ్చు. శాస్త్రీయం పాడేవారు ఆరో వారం నుంచే తమ కృతులను తీసుకువెళ్ళి పట్టుబట్టి అడగాలి.

రెండోది ఆన్‌లైన్ పాఠాలు. ఊరికి వెళ్ళినప్పుడు నాలుగు పాఠాలను ఫోనులో తీసుకున్నాను, నాలుగూ దండగ. వీడియో కాల్ యాప్‌లు నిలకడగా సాగే ధ్వనిని ఫ్యాను చప్పుడని అనుకుని కోసేస్తాయి. నా పన్నెండు సెకన్ల కార్వ మేడమ్‌కు నాలుగు సెకన్లే వినిపించింది. చప్పుడు తగ్గించే ఆ అమరికను తీసేయవచ్చునని మూడో పాఠం తరువాత నాకు నేనే కనుక్కున్నాను, మేడమ్ ముందే చెప్పాల్సింది. అది తీసినా ధ్వని ఆలస్యంగా చేరుతుంది కనుక ఇద్దరం కలిసి పాడడం కుదరదు, బుడగలు కనపడవు. ఆన్‌లైన్ పాఠానికీ నేరుగా చెప్పే పాఠానికీ ఒకే రుసుము తీసుకోవడం నాకు న్యాయంగా అనిపించలేదు.

మిగతావి చిన్నవి. శనివారం సాయంత్రం బృందంలో పదకొండేళ్ళ పిల్లలనూ యాభై దాటినవారినీ కలిపి కూర్చోబెడతారు. గొంతు మారే వయసు కుర్రాళ్ళకు వేరే సాధన కావాలి. సందులో కారు నిలపడానికి చోటు లేదు, గాంధీ ఆసుపత్రి మెట్రో స్టేషన్‌లో దిగి ఆటో ఎక్కడమే సుఖం. మధ్యలో మానేస్తే డబ్బు తిరిగి ఇవ్వరు.

ఇంటి నియమాల విషయంలో ఆమె కాస్త గట్టి మనిషి. రాత్రి భోజనానికీ పడకకూ మధ్య మూడు గంటలు ఉండాలంటారు, ఎందుకంటే కడుపులోని ఆమ్లం పడుకున్నప్పుడు పైకి వచ్చి స్వరపేటిక వెనక భాగాన్ని రేపుతుంది, పొద్దున్నే గొంతు గరగరలాడుతుంది. పదకొండింటికి బిర్యానీ తినే అలవాటున్న ఊరిలో ఈ నియమం ఎందరు పాటిస్తారో గాని, నేను పాటించిన వారాల్లో తేడా తెలిసింది. పాటకు ముందు గ్లాసెడు నీళ్ళు తాగితే స్వరతంత్రులు తడుస్తాయన్నది భ్రమ అని కూడా చెప్పారు. మింగిన నీరు ఆహారనాళంలోకి పోతుందే గాని వాటిని తాకదు, ఒంటిలో ఇంకి అక్కడికి చేరడానికి సమయం పడుతుంది, కనుక కచేరీ రోజు ఉదయం నుంచే తాగుతూ ఉండాలి. ఎండాకాలం ఏసీ గదిలో సాధన చేయవద్దన్న నియమం మాత్రం నేను పాటించలేకపోయాను. మే నెలలో హైదరాబాదు మేడ మీద గదిలో ఏసీ లేకుండా హెచ్చుస్థాయి వరుసలు పాడడానికి నాకు సంగీతం మీద ఉన్న భక్తి చాలలేదు.

ఫలితం ఏమిటని అడిగేవారికి: మొదటి రోజున, చివరి రోజున ఒకే అనుపల్లవిని ఒకే శ్రుతిలో ఫోనులో రికార్డు చేశాను. మొదటి దానిలో పంచమం మూడుసార్లు వస్తే మూడుసార్లూ చీలింది. చివరి దానిలో రెండుసార్లు శుభ్రంగా పలికింది, మూడోసారి శ్రుతికి కొంచెం కింద ఉంది, కానీ చీలలేదు. గొంతు బొంగురు పోవడం ఈ పన్నెండు వారాల్లో ఒక్కసారి కూడా జరగలేదు. నా లెక్కలో పంచమం కన్నా ఇది పెద్ద లాభం. గొంతు ఇప్పటికే బొంగురుగా ఉన్నవారు మాత్రం నేరుగా ఇక్కడికి రావద్దు. కోఠిలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రిలోనో మరో చోటో స్వరతంత్రులను చూపించుకున్నాకే రావాలి. మేడమ్ కూడా ఆ కాగితం అడుగుతారు, ఆ జాగ్రత్తను నేను మెచ్చుకుంటాను.

ఐదుకు నాలుగు మార్కులు వేస్తున్నాను. తగ్గించిన ఒక మార్కు గమకానికి సగం, ఆన్‌లైన్ పాఠాలకు సగం. వచ్చే నెల నుంచి వారానికి ఒక్క పాఠం చొప్పున నాలుగు వారాలకు మళ్ళీ పేరు నమోదు చేయించుకున్నాను, ఈసారి కల్యాణి మధ్యమం మీద తప్ప మరో స్వరం మీద సాధన చేయనని షరతు పెట్టాను. మేడమ్ నవ్వి సరేనన్నారు, సీసా మాత్రం తెచ్చుకోమన్నారు.